ఖాళీగా ఉన్న ఎనభై ఎనిమిదో వరుస

నా దగ్గర ఒక పాత లాంగ్ నోట్‌బుక్ ఉంది. అట్ట మీద ఫిజిక్స్ అని రాసి ఉంటుంది గానీ ఆ పాఠాలు ఆరో పేజీలోనే ఆగిపోతాయి. ఏడో పేజీ నుంచి స్కేలుతో గీసిన నాలుగు గళ్ళు: వరుస సంఖ్య, తేదీ, చూశానా లేదా, చూడకపోతే కారణం. ఎనభై ఏడు వరుసలు నిండుగా ఉంటాయి. "చూడలేదు" అని ఉన్నవి ఆరే. వాటి కారణాలు కూడా పద్ధతిగా రాసుకున్నాను: కరెంటు లేదు, జ్వరం, మావయ్య పెళ్ళి, మళ్ళీ కరెంటు లేదు, గోదావరి పొంగి వీధిలోకి నీళ్ళొచ్చాయి, పరీక్ష. ఎనభై ఎనిమిదో వరుసలో సంఖ్య, తేదీ మాత్రమే ఉన్నాయి. మిగతా రెండు గళ్ళూ ఖాళీ.

ఆ ఖాళీకి కారణమైన మనిషిని నేను క్షమించలేదు. క్షమించానని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు.

నరసాపురంలో మా ఇల్లు రేవుకి నడిచి వెళ్ళేంత దూరం. నాకు పన్నెండేళ్ళు నిండబోతుండగా పిల్లల ఛానల్లో శనివారం సాయంత్రం ఆరున్నరకి ఒక సీరియల్ మొదలైంది. తెలుగులోకి డబ్ చేసిన విదేశీ కథ. అంతరిక్షంలో దారి తప్పిన ఒక సరుకు ఓడ ఇంటికి తిరిగి రావాలి. అందులో ఏడుగురు మనుషులు, ఒక మరమ్మతు యంత్రం. ఓడలో గడియారాలన్నీ వేర్వేరు సమయాలు చూపిస్తుంటాయి. ఏ గడియారం నిజం చెబుతోందో తేలితేగాని ఓడని భూమి వైపు తిప్పలేరు. తిప్పినా, వాళ్ళు చేరేసరికి ఇంటి దగ్గర ఎన్నేళ్ళు గడిచిపోయి ఉంటాయో ఎవరికీ తెలియదు. డబ్బింగ్ చెప్పినవాళ్ళెవరో మా వైపు వాళ్ళే అయ్యుంటారు. ఓడ పేలిపోబోతున్నప్పుడు కూడా కెప్టెన్ "ఇంధనం అయిపోవచ్చిందండి, కాస్త గట్టిగా పట్టుకుని కూర్చోండి" అని పాలకొల్లు బస్సు కండక్టరులా మర్యాదగా చెప్పేవాడు.

నేను నేల మీద కూర్చుని చూసేవాణ్ణి. అమ్మ గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని లేసు అల్లుకునేది. మా వీధిలో సగం మంది ఆడవాళ్ళ చేతుల్లో అదే పని. తెల్ల దారం, సన్నటి కొక్కెం సూది, ఒడిలో పెరిగే పువ్వులు. అమ్మ టీవీ వైపు చూసేది కాదు. అలా అని నేననుకున్నాను.

అప్పట్లో మా ఊరికి కేబుల్ ఇచ్చేవాడు ఒక్కడే. రేవుకి వెళ్ళే దారిలో ఒక డాబా మీద రేకుల గది, దాని పక్కన నాలుగు డిష్‌లు. అదే కంట్రోల్ రూము. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయన్ని నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆయనకి సొంతంగా ఒక లోకల్ ఛానల్ ఉండేది. పుట్టినరోజు శుభాకాంక్షలు, పోయినవాళ్ళ ఫొటోలు, గుడి ఉత్సవాలు అందులో వేసేవాడు. పెద్దవాళ్ళింట్లో ఆడపిల్లకి ఓణీల ఫంక్షన్ చేస్తే ప్రత్యక్ష ప్రసారం ఇచ్చేవాడు.

ఆఖరి ఎపిసోడు వచ్చే శనివారం ఆరూ ఇరవై ఎనిమిదికి టీవీ ముందు కూర్చున్నాను. తెర మీద పసుపు రంగు షామియానా, వెండి సింహాసనం, దాని మీద బరువైన పట్టుబట్టల్లో ఊపిరాడక చూస్తున్న ఒక అమ్మాయి. అక్షింతలు వేయడానికి చుట్టాలు వరుసలో నిలబడి ఉన్నారు. ఛానల్ నంబరు తప్పు నొక్కాననుకుని మూడుసార్లు మార్చి చూశాను. తర్వాత చెప్పుల్లేకుండా పరిగెత్తాను.

"బాబాయ్, పిల్లల ఛానల్లో ఎవరిదో ఫంక్షన్ వస్తోంది!"

"ఆయ్, వస్తదిరా. నేనే పెట్టేను."

"ఎందుకు?"

"లోకల్ ఛానల్ మాడ్యులేటర్ కాలిపోయిందిరా అబ్బాయ్. ఆళ్ళ నాన్నగారేమో టీవీలో వస్తదని ఊరందరికీ చెప్పేసుకున్నారు. ఏదో ఒకదాంది పీకాలి కదా? వార్తలు పీకితే మగాళ్ళు కొడతారు. సీరియళ్ళు పీకితే ఆడాళ్ళు చంపేత్తారు. భక్తి ఛానల్ పీకితే మా అమ్మే నాకు అన్నం పెట్టదు. ఇంక మిగిలిందెవరు?"

మిగిలింది నేను. ప్రతి ఛానల్‌కీ మాడ్యులేటర్ అనే పెట్టె ఒకటి ఉంటుందని, ఒకటి కాలిపోతే ఇంకొకదాన్ని చంపి దీన్ని బతికించుకుంటారని నాకు ఆ రోజే తెలిసింది.

"ఇవాళ ఆఖరి ఎపిసోడు బాబాయ్. ఇరవై రెండు నిమిషాలే."

"ఆఖరిదైతే మరీ మంచిది. వచ్చే వారం నుంచి నీకీ గొడవుండదు." గదిలో వైర్లు చుడుతున్న ఇద్దరూ నవ్వారు. ఆయన నా తల మీద ఒకటి తట్టి, "ఒరేయ్, ఊరికే ఏడవకు. ఫంక్షన్‌కెళ్ళు, పూతరేకులు పెడతన్నారంట. నీ ఓడ రేపు మళ్ళీ వేత్తార్లే," అన్నాడు.

మర్నాడు అదే సమయానికి పెట్టి చూస్తే మొదటి ఎపిసోడు వస్తోంది. ఓడ ఇంకా దారి తప్పలేదు. అందరూ కాఫీ తాగుతున్నారు.

సోమవారం బడిలో ఎవరూ చూడలేదన్నారు. ఊరంతటిదీ ఒకే కేబుల్ కదా. సొంత డిష్ ఉన్న ఒక్కడు చూశాడు. చెప్తానని వాడు మూడు రోజులు నా వెంట పడ్డాడు. నేను చెవులు మూసుకుని లెక్కల ఎక్కాలు గట్టిగా చదివాను. పదిహేడో ఎక్కం దగ్గర వాడు విసుగెత్తి మానేశాడు.

అప్పటికి నా వయసు పదమూడున్నర. రోజుల్లో చెబితే నాలుగు వేల తొమ్మిది వందల ముప్పై మూడు.

ఆ తర్వాత డిప్లొమా చేశాను, ఇంజనీరింగ్ చేశాను. రెండింట్లోనూ ఎలక్ట్రానిక్సే. మాడ్యులేటర్ పాఠం వచ్చిన రోజున లెక్చరర్ బొమ్మ గీస్తుంటే నాకు ఆ రేకుల గది వేడి, కాలిన ప్లాస్టిక్ వాసన ముక్కుకి తగిలాయి. పక్కన ఇంకో చిన్న పెట్టె అద్దెకి తెచ్చుకుంటే సరిపోయేదని ఆ రోజు అర్థమైంది. భీమవరం నుంచి గంటలో వచ్చేది. ఆయన తేలేదు, ఎందుకంటే అడిగేవాడు పదమూడేళ్ళ వాడు. అది విన్నాక నా కోపానికి సాంకేతికమైన ఆధారం కూడా దొరికింది.

ఇప్పుడా ఆఖరి ఎపిసోడు ఫోన్‌లో దొరుకుతుంది. మూడు నొక్కులు చాలు. నేను నొక్కలేదు. చూసేస్తే ఆయన చేసింది చిన్న తప్పు అయిపోతుంది. కొంచెం ఆలస్యం, అంతే కదా అని ఎవరైనా అనవచ్చు. ఆయనకి ఆ సౌకర్యం ఇవ్వదలచుకోలేదు.

అయితే ఆ శనివారం మాత్రం వెనక్కి పోతూనే ఉంది. మొదట్లో "పోయిన వారం" అనేవాణ్ణి. తర్వాత "తొమ్మిదిలో ఉన్నప్పుడు" అన్నాను. కిందటేడు ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడి దగ్గర ఆ సీరియల్ మాట ఎత్తితే, "మా అన్నయ్య వాళ్ళ కాలందా అండీ?" అన్నాడు. పంటు మీద గోదావరి దాటుతుంటే స్కూలు పిల్లలు "అంకుల్, కొంచెం జరగండి" అన్నారు. ఒక రోజు ఊరికే ఆ నటుల వయసులు వెతికాను. నాకు ముసలాయనలా కనిపించిన కెప్టెన్‌కి అప్పుడు ముప్పై నాలుగట. ఓడలో అందరి చేతా తిట్లు తినే అప్రెంటిస్ కుర్రాడికి ఇరవై ఏడు. నాకూ ఇరవై ఏడు నిండబోతున్నాయి.

ఆ రాత్రే ఎక్సెల్ తెరిచి ఒక లెక్క వేశాను. ఆఖరి ఎపిసోడు తేదీకి అప్పటి నా వయసు, నాలుగు వేల తొమ్మిది వందల ముప్పై మూడు రోజులు, కలిపితే ఒక గురువారం వచ్చింది. ఆ గురువారానికి ముందు, నా జీవితంలో ఎక్కువ భాగం ఆ శనివారానికి ముందు కాలం, ఓడ ఇంకా ఇల్లు చేరగల కాలం. ఆ గురువారం తర్వాత ఎక్కువ భాగం అది అయిపోయాక గడిచిన కాలం. ఆ గడికి ఎర్ర రంగు వేసి, అదే పగ తీర్చుకునే రోజని పెట్టుకున్నాను.

అవకాశం దానంతటదే వచ్చింది. నేను పని చేసే ఇంటర్నెట్ కంపెనీ ఆయన కంట్రోల్ రూములో సగం, ఆయన ఫైబర్ లైన్లో కొంత అద్దెకి తీసుకుంది. పరికరాలు పేర్చే ఇనప అల్మారాలాంటి కొత్త రాక్ బిగించి, ఆయన కేబుల్ టీవీ లైను పాత రాక్ నుంచి అందులోకి మార్చాలి. మార్చేంతసేపు ఊరికి కేబుల్ రాదు. నాలుగు నిమిషాల పని. ఏ రోజు, ఏ సమయం అన్నది నిర్ణయించేది నేను. గురువారం సాయంత్రం ఆరున్నర నుంచి ఇరవై రెండు నిమిషాలు అని ఫారంలో రాశాను.

ఆయన ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కుతున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. "రండి ఇంజనీరు గారూ," అన్నాడు. ఒరేయ్ అని తల మీద తట్టిన చెయ్యి ఇప్పుడు కుర్చీ తుడిచి చూపించింది. ఆ గారు విన్నాక నా వయసు మీద ఇంక అనుమానం మిగల్లేదు.

"ఆరున్నరకి వద్దండి," అన్నాడు ఫారం చూసి. "మధ్యాహ్నం చేసుకోండి, పొద్దున్న చేసుకోండి. ఆరున్నరకి లేసు ప్రోగ్రాం ఉందండి. మా కెమెరా కుర్రాళ్ళు వీధుల్లో తిరిగి తీసేరు. వారం నుంచి కింద స్క్రోలింగ్ వేత్తన్నాను."

"మధ్యాహ్నం కుదరదండి. షెడ్యూల్ అయిపోయింది."

"ఇరవై రెండు నిమిషాలు ఎందుకండి, ఓ తీగ మార్చడానికి?"

"టెస్టింగ్ ఉంటుందండి."

"ఎవరైనా అడిగితే ఏం చెప్పనండి?"

"రేపు మళ్ళీ వేస్తామని చెప్పండి."

ఈ వాక్యాన్ని పదమూడున్నరేళ్ళు నోట్లో దాచుకున్నాను. బయటికి వచ్చాక దాని రుచి నేననుకున్నంత బాగానే ఉంది. ఆయన పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉందని తెలిశాక ఇంకా బాగుంది.

ఆ రోజు పొద్దున్న బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దగ్గర, "సాయంత్రం ఆరున్నరకి ఇంట్లో ఉంటావేంటి? ఒకటి చూపిత్తాను," అంది. "పనుందమ్మా," అన్నాను. ఏంటని అడగలేదు. నా బుర్రలో ఎర్ర రంగు గడి ఒక్కటే ఉంది.

సరిగ్గా ఆరున్నరకి పసుపు రంగు ఫైబర్ తీగ పాత రాక్ నుంచి లాగేశాను. ఊళ్ళో కేబుల్ ఆగిపోయింది. పని నిజంలా కనిపించాలి కాబట్టి తీగలు గుచ్చే పలక స్క్రూలు విప్పి, దాన్ని బయటికి తీసి, కనెక్టర్లు ఒక్కొక్కటీ తుడవడం మొదలుపెట్టాను. ఆయన ఫోను బల్ల మీద పెట్టుకుని దాని వైపే చూస్తూ కూర్చున్నాడు.

నిమిషం అయింది. మూడు నిమిషాలైంది. ఫోను మోగలేదు.

"చూశారా," అన్నాడు. "ఒకప్పుడు అర నిమిషం పోతే ఈ ఫోను కాలిపోయేదండి. నా పుట్టు పూర్వోత్తరాలన్నీ తిట్టేవోరు. తిట్టేవోళ్ళు కూడా లేరండి ఇప్పుడు. అంతా ఫోన్లలోకే పోయేరు."

అది చూసి సంతోషించాను. దాచుకోవడం ఎందుకు. నేను అనుకున్న శిక్ష కన్నా అది పెద్దది.

కంట్రోల్ రూములో ఒక చిన్న మానిటర్ ఉంటుంది. తీగ లాగినా అందులో ప్రసారం వస్తూనే ఉంటుంది, ఎందుకంటే అది రాక్‌కి ఇవతలే కలిపి ఉంటుంది. అందులో లేసు ప్రోగ్రాం నడుస్తోంది. ఎవరో ఒకావిడ చేతులు కనిపించాయి. తెల్ల దారం చూపుడు వేలికి చుట్టుకుని ఉంది. ఆ వేలి మీద, గోరు పక్కన, గట్టిపడిన చర్మం మీద అడ్డంగా పాత గీత ఒకటి. చేపల కత్తి తగిలి అయిన గీత. ఆ రోజు రిక్షాలో ఆసుపత్రికి పక్కన కూర్చుని వెళ్ళింది నేనే.

కెమెరా పైకి లేచింది. అమ్మ. ఇస్త్రీ చీర, పెద్ద బొట్టు. నేనెప్పుడూ చూడని బెరుకు నవ్వు.

"ఎన్నేళ్ళ నుంచి అల్లుతున్నారండి?" అని ఎవరో అడిగారు.

"మా అబ్బాయి పుట్టకముందు నుంచండి."

"ఒక పువ్వుకి ఎంతసేపు పడుద్దండి?"

"గడియారం చూడనండి నేను. చిన్నప్పుడు మావోడు శనివారాలు ఓ ఓడ సీరియల్ చూసేవోడండి. అది మొదలైనప్పుడు మొదలెడితే అయ్యేసరికి ఓ పువ్వు అయిపోయేది. ఇప్పటికీ అదే లెక్కండి. ఓ ఓడకి ఓ పువ్వు."

అప్పుడే ఫోను మోగింది. ఆయన స్పీకర్ పెట్టాడు.

"ఏవండీ, టీవీ రావట్లేదేంటండి?" అమ్మ గొంతు. వెనకాల నలుగురైదుగురు ఆడవాళ్ళ మాటలు. మా వీధిలో కేబుల్ ఇంకా ఉన్నది మా ఇంట్లోనే. నేను ఫైబర్ పెట్టించినా అమ్మ దాన్ని తీయనివ్వలేదు. "ఇందులో నేనున్నానండి. అందరినీ పిలిచేను. పక్కింటి అక్కయ్య గారు కూడా వచ్చి కూర్చున్నారు."

"రెండు నిమిషాలమ్మా, లైను మారుత్తన్నారు. రేపు మళ్ళీ వేత్తాను."

"రేపు వేత్తే మీరే చూసుకోండి. ఇయ్యాళని చెప్పేను అందరికీ."

నేను అప్పటికే పలక కొత్త రాక్‌లో బిగిస్తున్నాను. నాలుగు స్క్రూలు. ఒకటి చేతిలోంచి జారి బల్ల కింద పడింది. మోకాళ్ళ మీద వెతికి తీశాను. పలక, కనెక్టరు, తీగ, పచ్చ దీపం. తొందర లేనప్పుడు ఎంత పట్టాలో అంతే పట్టింది. నాలుగు నిమిషాలు. ఊరికి కేబుల్ వచ్చేసరికి తెర మీద ఇంకో వీధి, ఇంకొకరి చేతులు.

"ఆవిడ మీ అమ్మగారా!" అన్నాడాయన నా మొహం చూసి. "ముందే చెప్తే రేపు చేసుకుందుం కదండీ. అయ్యయ్యో."

ఆ అయ్యయ్యో నిజంగా జాలితో అన్నది. అది నన్ను మండించింది. అంతా కక్కేశాను: ఓణీల ఫంక్షన్, కాలిన మాడ్యులేటర్, ఆఖరి ఎపిసోడు, పూతరేకులు.

ఆయన ఆలోచించాడు. "ఫంక్షన్ గుర్తుందండి. మాడ్యులేటర్ గుర్తుంది, అది బాగవ్వలేదు మరి. పూతరేకులు భలే ఉన్నాయి. పిల్లాడు…" తల అడ్డంగా ఊపాడు. "చాలామంది వచ్చేవోరండి పిల్లలు. ఇంతకీ ఎలా అయిపోయిందండి అది? ఓడ ఇంటికొచ్చిందా?"

"తెలీదండి."

"తెలీదేంటండి?"

"చూడలేదు."

"ఇప్పటిదాకానా? ఫోన్లో రాదాండి?"

"వస్తుంది."

ఆయన బల్ల మీద చెయ్యి ఆనించి లేచాడు. "భలేవోరండి మీరు," అని, ఫోను తీసుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళేసరికి చుట్టుపక్కల వాళ్ళు వెళ్ళిపోయారు. ముందు గదిలో ఖాళీ టీ గ్లాసులు, చేగోడీల పళ్ళెం. అమ్మ ఇస్త్రీ చీరలోనే ఉంది, టీవీలో కనిపించిన అదే చీర.

"మొదట్లోనే నాది వచ్చేసిందంట," అంది. "నువ్వు ఆ లైన్ల పనే కదా చేసేది. తీసినోడెవడో కనుక్కో."

"కనుక్కుంటానమ్మా."

"ఆడి చేతులు పడిపోను."

మర్నాడు ఆయన ఆ ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వేసి పంపాడు. ఆ లైను తీసింది ఎవరన్నది ఆయన మా అమ్మకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పెన్‌డ్రైవ్ టీవీ పక్కన బొమ్మ కింద పెట్టాను. పెట్టమంటావా అని అడిగితే, "ఇప్పుడెందుకు," అంది. మళ్ళీ అడిగాను. "ఆడెవడో తెలిశాక చూత్తాను," అంది. ఈ మొండితనం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇరవై ఏడేళ్ళకి తెలిసింది.

ఆ గురువారం రాయాలని దాచుకున్న మాట ఒకటుంది, కారణం గడిలో: తీర్చుకున్నాను. నోట్‌బుక్ తీశాను, పెన్ను పట్టుకున్నాను, మూసేశాను. ఆయన మీద కోపం పోలేదు, ఆ మాట మాత్రం గట్టిగా చెప్పగలను. అద్దెకి పెట్టె తెచ్చుకుని ఉండవచ్చు ఆయన. నేను పొద్దున్న ఏంటని అడిగి ఉండవచ్చు.

అమ్మ రోజూ గుమ్మం దగ్గర టీవీ ఆపేసి అల్లుకుంటోంది. నేను గడియారం చూస్తాను. పువ్వు ఇరవై రెండు నిమిషాలకే అయిపోతుంది, అటూ ఇటూ అర నిమిషం.

"తెలిసిందేంటి ఎవడో?" అని అడుగుతుంది, తల ఎత్తకుండా.

"ఇంకా లేదమ్మా."

ఆ గురువారం నుంచి ఇవాళ్టికి నలభై ఒకటో రోజు.